మాది ఫ్రటర్నిటీ, వాళ్ళది ఫ్రాట్

అందరికీ నమస్కారం.

పోయిన సెప్టెంబరులో మా అబ్బాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఈ వారమంతా రష్" అన్నాడు. "బస్సుల్లోనా?" అన్నాను. ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉన్నా, రష్ అంటే నాకు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపే. వాడు చెప్పింది వేరు. ఫ్రటర్నిటీలో, అంటే కాలేజీ కుర్రాళ్ళు పెట్టుకునే సభ్యత్వ సంఘంలో, చేరాలనుకునేవాళ్ళు ఒక్కో సంఘం ఉండే ఇంటికీ (దాన్ని 'హౌస్' అంటారు) వెళ్ళి పరిచయాలు చేసుకునే రోజులట. నచ్చినవాణ్ణి రమ్మని పిలిస్తే అది 'బిడ్'. సరేనన్నవాడు 'ప్లెడ్జ్'. మనం బడిలో చెయ్యి చాపి చదివిన ప్లెడ్జ్‌లో భారతీయులంతా సహోదరులు. ఇక్కడ ఆ మాట మనిషికే పెట్టారు, సహోదరులు మాత్రం ఆ ఇంట్లోవాళ్ళే. చేరాక నిన్ను చూసుకునే సీనియర్ 'బిగ్', నువ్వు 'లిటిల్'. మన హాస్టళ్ళలో సీనియర్ని "అన్నా" అనడానికి ఎవరూ సభ్యత్వ రుసుం తీసుకోలేదు లెండి.

వీళ్ళందరినీ కలిపి 'గ్రీకులు' అంటారు. గ్రీసుతో చుట్టరికమేమీ లేదు. 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు ఫై బీటా కప్పా అని ఒక సంఘం పెట్టుకున్నారు. అది ఒక గ్రీకు సూక్తిలోని మూడు మాటల మొదటి అక్షరాలు. తర్వాత వచ్చినవాళ్ళూ అదే దారి పట్టారు. ఫ్రటర్నిటీ అన్న మాట మాత్రం లాటిన్, 'ఫ్రాటర్' అంటే సోదరుడు. అమ్మాయిలు పెట్టుకున్నవాటినీ మొదట్లో అలాగే పిలిచేవారు. సిరక్యూస్ యూనివర్సిటీలో 1874లో గామా ఫై బీటా మొదలయ్యాక, అక్కడి లాటిన్ ప్రొఫెసర్ ఫ్రాంక్ స్మాలీ 'సొరారిటీ' అన్న మాట ఇచ్చారు. కప్పా ఆల్ఫా థీటా ఆడపిల్లలదే అయినా, ఇప్పటికీ కాగితాల మీద ఫ్రటర్నిటీయే.

తెలుగులో 'సోదర సంఘం' అని రాస్తే కులసంఘమో, చర్చి కమిటీయో అనిపిస్తుంది. ఫ్రటర్నిటీ అనేసుకోవడమే నయం.

'ఫ్రాట్' అని మాత్రం అనకూడదట. నేను అన్నానని మావాడు మూతి ముడిచాడు. పొట్టి మాటలో తాగుడూ, గోలా, పోలీసు కారూ వినిపిస్తాయి. పూర్తి మాటలో సేవా కార్యక్రమాలూ, పూర్వ విద్యార్థుల పరపతీ ఉంటాయి. ఫ్రటర్నిటీలు నడిపే పెద్దవాళ్ళూ ఇప్పుడు మాటలు మారుస్తున్నారు: రష్ కాదు 'రిక్రూట్‌మెంట్', ప్లెడ్జ్ కాదు 'న్యూ మెంబర్'. పద్ధతే మార్చినవాళ్ళూ లేకపోలేదు. జీటా బీటా టౌ 1989లో, సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014లో ప్లెడ్జింగ్‌నే, అంటే పూర్తి సభ్యుడయ్యే ముందు కొత్తవాడు గడపాల్సిన పరీక్షాకాలాన్నే, తీసేశాయి. అది మార్పంటే నమ్ముతాను. కొత్తవాడి చేత అర్ధరాత్రి గోడకుర్చీ వేయిస్తూ వాణ్ణి 'న్యూ మెంబర్' అంటే ఏం ఒరిగింది? ఆ పనికి వాళ్ళ పేరు హేజింగ్, మనం ర్యాగింగ్ అంటాం. ఆంధ్రప్రదేశ్ 1997లోనే దానిమీద చట్టం చేసింది.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు, వాళ్ళ వీధిలో ఒక హౌస్‌ని యూనివర్సిటీ సస్పెండ్ చేసిందని చెప్పాడు.

"మీ ఫ్రటర్నిటీనా నాన్నా?" అన్నాను, జాగ్రత్తగా పూర్తి మాటే వాడుతూ.

"ఛ, మాది కాదమ్మా. ఆ పక్కన ఇంకో ఫ్రాట్ ఉందిలే, వాళ్ళది."