అన్నం అరిగేది ఎక్కడ?

సభకు నమస్కారం.

తిన్నది అరగలేదనిపిస్తే మన చెయ్యి ముందుగా జీర్ణాశయం మీదికే వెళ్తుంది, ఎందుకంటే జీర్ణక్రియ అంతా అక్కడే జరుగుతుందని మనలో చాలామంది నమ్మకం. వాస్తవంలో ఆ పనిలో సింహభాగం చిన్నపేగుదే. క్యాన్సర్ కారణంగా జీర్ణాశయాన్ని పూర్తిగా తొలగించినవారు కొంచెం కొంచెంగా తింటూ, బి12 విటమిన్‌ను సూదిమందుగా తీసుకుంటూ ఏళ్ల తరబడి జీవించగలుగుతున్నారు. చిన్నపేగు దాదాపుగా పోయినవారికి మాత్రం రక్తనాళం ద్వారా పోషకాలు ఎక్కించడమో, పేగు మార్పిడి చేయడమో తప్ప దారి లేదు. అందుకే ఈ రోజు ప్రసంగంలో ఎక్కువ సమయం చిన్నపేగుకే కేటాయిస్తున్నాను.

మన ఇంటి భోజనాన్నే తీసుకుందాం: అన్నం, పప్పు, నెయ్యి, చేపల పులుసు. అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టే పని నోటిలోని లాలాజలంతోనే మొదలవుతుంది. అక్కడి నుంచి ముద్ద అన్నవాహిక కండరాల కదలికతో కొన్ని సెకన్లలో జీర్ణాశయం చేరుతుంది. చేపలోనూ పప్పులోనూ ఉన్న మాంసకృత్తులను అక్కడి హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ పెప్సిన్ అనే ఎంజైమూ కలిసి కొంతవరకు ముక్కలు చేస్తాయి. ఆ ఆమ్లం ఆహారంతో వచ్చిన సూక్ష్మజీవులను కూడా చాలావరకు చంపుతుంది. జీర్ణాశయం అడుగున ఉన్న కండర ద్వారం, మన కాలువల మీది తూము తలుపు నీటిని ఎంత కావాలో అంతే వదిలినట్టు, ఈ జావను కొద్దికొద్దిగా మాత్రమే కిందికి వదులుతుంది. నెయ్యి ఎక్కువైన భోజనం ఆలస్యంగా కిందికి దిగడానికి కారణం, కొవ్వు చేరిందని తెలియగానే చిన్నపేగే ఆ వేగాన్ని తగ్గించడం.

చిన్నపేగు మొదటి భాగంలోకి కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి క్షారగుణమున్న రసం వచ్చి చేరతాయి. పైత్యరసం నెయ్యిని సన్నని బిందువులుగా విడదీస్తే, క్లోమరసంలోని ఎంజైములు కొవ్వును, పిండిని, మాంసకృత్తులను శరీరం పీల్చుకోగల చిన్న అణువుల దిశగా నడిపిస్తాయి. సుమారు 6 మీటర్ల ఈ పేగు లోపలి గోడ నున్నగా ఉండదు. అందులో మడతలు, మడతల మీద మిల్లీమీటరుకు మించని, వేళ్లలా పొడుచుకొచ్చి పోషకాలను పీల్చుకునే చూషకాలు, వాటి కణాల మీద ఇంకా సూక్ష్మమైన నూగు ఉంటాయి. ఈ పొర కణాలు 3 నుంచి 5 రోజులకొకసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. ఇంత వేగంగా కణాలు విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్ కావాలి.

ఇక్కడ మన గోదావరి డెల్టా బిడ్డ ఒకరిని స్మరించక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో స్ప్రూ వ్యాధి బారిన పడ్డారు. మన పెద్దలు దాన్ని సంగ్రహణి అనేవారు. ఆ వ్యాధిలో చూషకాలు కుంచించుకుపోతాయి, తిన్నది ఒంటికి పట్టదు, ఫోలిక్ ఆమ్లం కూడా లోపలికి చేరదు. అది చేరకపోతే పాడైన పొర బాగుపడదు, పొర బాగుపడకపోతే అది చేరదు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావు నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ చికిత్సలో యాంటీబయాటిక్‌తో పాటు నేటికీ ఇచ్చే మందు అదే. ఆయన పేరు మన పాఠశాలల్లో ఇంతకన్నా ఎక్కువగా వినిపించాలని నా గట్టి అభిప్రాయం.

ఇక నీటి లెక్క. రోజుకు మనం తాగే, తినే నీరు సుమారు 2 లీటర్లు కాగా, లాలాజలం, జఠరరసం, పైత్యరసం వంటి రూపాల్లో శరీరమే మరో 7 లీటర్లు పేగులోకి వదులుతుంది. ఇందులో అత్యధిక భాగాన్ని చిన్నపేగు, మిగిలినదాన్ని పెద్దపేగు తిరిగి పీల్చుకోగా, మలంతో పోయేది 200 మిల్లీలీటర్లకు మించదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు మనకు అరగని పీచును పులియబెట్టి కొంత శక్తిని కూడా ఇస్తాయి.

గోదావరికి వరద వచ్చి లంక గ్రామాల్లో మంచినీరు కలుషితమైనప్పుడు దెబ్బతినేది ఈ లెక్కే. కలరా విషం పేగు కణాల చేత నీటిని, లవణాలను బయటికి పోయిస్తుంది. అయినా గ్లూకోజును సోడియంతో కలిపి లోపలికి తీసుకునే మార్గం మాత్రం చెడదు, ఆ రెండింటి వెంటే నీరూ లోపలికి వెళ్తుంది. ఈ జంట ప్రయాణాన్ని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని, అంటే ఓఆర్ఎస్ ద్రావణాన్ని తాగించి వేలమందిని బతికించారు. ఉప్పు వేసిన గంజి విరేచనాల్లో పనిచేయడానికి కారణం కూడా ఇదే, ఎందుకంటే గంజిలోని పిండి పేగులో గ్లూకోజుగా మారుతుంది.

అయితే ఉప్పు మోతాదు మించితే పసిపిల్లలకు ప్రమాదం కనుక, ఓఆర్ఎస్ పొట్లం దొరికినప్పుడు దానినే, పొట్లం మీద రాసిన కొలత ప్రకారం, కాచి చల్లార్చిన నీటిలో కలపాలి. తల్లిపాలు ఆపకూడదు. తీపి ఎక్కువగా ఉండే శీతల పానీయాలు పేగులోకి మరింత నీటిని లాగుతాయి కనుక అవి ఇవ్వకూడదు. మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా, మూత్రం ఆగినా, తాగించిందల్లా కక్కుతున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి, దారిలో కూడా చెంచాతో ద్రావణం తాగిస్తూనే ఉండాలి.