అవిసె నూనె: గింజ గుణాలన్నీ సీసాలోకి రావు

శ్రోతలకు నమస్కారం. చేప నూనె వద్దనుకునే శాకాహారులు చాలామంది దాని బదులు అవిసె గింజల నూనె వాడుతుంటారు. ఇది సీసాల్లోనూ, మెత్తటి గుళికలుగానూ దొరుకుతుంది. అవిశ చెట్టుకూ దీనికీ సంబంధం లేదు. నార కోసం, గింజల కోసం వేల ఏళ్లుగా సాగులో ఉన్న నీలిపూల మొక్క ఇది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామానికి అర్థమే ‘ఎంతో ఉపయోగపడేది’.

ఈ నూనెలో సగానికి పైగా ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే ఒమేగా-3 కొవ్వు. శరీరం దీన్ని సొంతంగా తయారుచేసుకోలేదు కనుక ఆహారం ద్వారానే అందాలి. అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం రోజుకు పురుషులకు 1.6 గ్రాములు, స్త్రీలకు 1.1 గ్రాములు చాలు. ఒక్క టీ స్పూను నూనెలోనే 2 గ్రాములకు పైగా ఉంటుంది. మంచిది కదా అని పెద్ద చెంచాలతో తాగితే అదనంగా చేరేవి కేలరీలే, ఒక్కో పెద్ద చెంచాకు దాదాపు 120 చొప్పున.

అయితే చేప నూనెలో ఉండే ఒమేగా-3 వేరు. వాటిని ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అంటారు. అవిసె నూనెలోని కొవ్వును శరీరం ఈ రెండింటిగా మార్చుకోగలదు గానీ, చాలా కొద్దిగానే మార్చుకుంటుంది, అందులోనూ డి.హెచ్.ఎ.గా మారేది మరీ తక్కువ. అందుకే రెండు నూనెలూ ఒకటేనన్న మాట సరికాదు. డి.హెచ్.ఎ. కావలసిన శాకాహారులకు నాచు నుంచి తీసిన నూనె ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం మరొకటి. మలబద్ధకం తగ్గుతుందనీ, కొలెస్ట్రాల్ తగ్గుతుందనీ అవిసె గురించి వినే మంచి మాటల్లో చాలావరకు గింజల పొడికి చెందినవి. ఆ గుణాలకు ముఖ్య కారణమైన పీచు, గింజను గానుగాడినప్పుడు పిండిలోనే ఉండిపోతుంది. లిగ్నాన్లు అనే పదార్థాలూ అంతే, నూనెలోకి దాదాపుగా రావు. గింజకు దక్కవలసిన పేరును సీసాకు అంటించి అమ్మడం, నమ్మి కొనేవారికి అన్యాయం చేయడమే.

ఈ నూనె చాలా త్వరగా పాడవుతుంది. గాలి, వెలుతురు, వేడి మూడూ దీనికి పడవు. కాబట్టి ముదురు రంగు సీసాలో ఉన్నది, తయారీ తేదీ దగ్గరగా ఉన్నది ఎంచుకుని, మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచండి. వేపుళ్లకు వాడకండి. మూత తీయగానే ముక్కు దగ్గర పెట్టుకోండి: తాజా నూనెకు గింజల కమ్మటి వాసన ఉంటుంది, చెడిపోయినదానికి కొత్తగా రంగు వేసిన తలుపు వాసన వస్తుంది, నాలుకకు చేదు తగులుతుంది. గుళికలైతే వారానికొకటి సూదితో గుచ్చి వాసన చూడవచ్చు. రంగు వేసిన తలుపు పోలిక ఊరికే చెప్పలేదు, చెక్కకు పూసే రంగుల్లో కలిపేదీ ఈ గింజల నూనెనే. కానీ రంగుల దుకాణాల్లో అమ్మే నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలిపి ఉండవచ్చు, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తాగకూడదు.

ఆహారంలో కొద్ది మోతాదులో తీసుకుంటే పెద్దవారిలో ఎక్కువమందికి ఇబ్బంది ఉండదు. మోతాదు ఎక్కువైతే విరేచనాలు కావచ్చు. వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు, గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడేవారు మాత్రం వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టవద్దు, రక్తస్రావం పెరిగే అవకాశం ఉంది. ఆపరేషన్‌కు తేదీ ఖరారైనవారు ఈ నూనె సంగతి ముందే వైద్యుడికి చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా వాడకూడదు. మందుల చీటీ చూపించేటప్పుడు ఈ సీసానూ తీసుకెళ్లి వైద్యుడి బల్ల మీద పెట్టండి. ‘ఇది మందు కాదు కదా’ అని ఇంట్లోనే వదిలేసి వెళ్లవద్దు.