పేరు ఒకటే, సైజు ఒకటే, పాట వేరు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఊళ్ళు తిరిగి పాటలు రికార్డు చేస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ నాకిచ్చింది పావుగంట.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో డూప్లికేట్ ఫైళ్ళ గురించి, డిస్కులో చోటు గురించి మాట్లాడమన్నారు. ముందు లెక్క చెబుతాను. 48 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ళు (ధ్వని కొలతలు), 24 బిట్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.6 ఎంబీ దాకా తింటుంది. స్టీరియో అయితే 17 దాటుతుంది. ఎనిమిది మైకులు పెట్టి గంటసేపు రికార్డు చేస్తే 4 జీబీ పైనే. మైకు ముందు ఎవరూ పాడకపోయినా అంతే. వేవ్ ఫైలుకి నిశ్శబ్దమూ బరువే.

టైమ్‌లైన్ మీద, అంటే తెర మీద ట్రాకులు పరిచి ఉండే చోట, ఒక ముక్కని పదిసార్లు కాపీ చేసినా డిస్కు నిండదు. ఫలానా ఫైలులో ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా వినిపించు అని సాఫ్ట్‌వేర్ రాసుకుంటుంది, అంతే. ముక్కల్ని గ్లూ చేసినా, కన్సాలిడేట్ చేసినా, అంటే ఒకే ముక్కగా అతికించినా మాత్రం కొత్త ఫైలు పుడుతుంది. అంతకంటే పెద్ద తిండిపోతు ‘సేవ్ యాజ్’. ఆడియో అంతా కాపీ చెయ్యమనే గడిలో టిక్కు పెట్టి ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ 3 అని దాచుకుంటూ పోతే 4 జీబీ కాస్తా 16 అవుతుంది. అదే ఫోల్డరులో ప్రాజెక్టు ఫైలు ఒక్కటే వేరే పేరుతో దాచుకోండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అది ఉత్త అక్షరాల ఫైలు, ఆడియో ముందు దాని బరువు లెక్కలోకే రాదు.

ఇక్కడిదాకా రాసుకొచ్చింది చెప్పాను. మిగతా కాగితం పక్కన పెడుతున్నాను. ఇది చెప్పకుండా నేను దిగలేను.

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊళ్ళో రెండు రాత్రులు జముకుల కథ, అంటే జముకు అనే తీగవాద్యం వాయిస్తూ పాడే కథ, రికార్డు చేశాను. నా దగ్గర చిన్న రికార్డరు, ఒకటే కార్డు. మొదటి రాత్రిది లాప్‌టాప్‌లోకి ఎక్కించి కార్డు ఫార్మాట్ చేశాను. ఫార్మాట్ చేస్తే ఆ రికార్డరు నంబర్లు మళ్ళీ 1 నుంచి వేస్తుంది. ఫైలు 2 జీబీకి చేరగానే దాన్ని ఆపేసి ఇంకోటి మొదలుపెడుతుంది. చూడండి ఏమైందో. మొదటి రాత్రి మొదటి ఫైలు, రెండో రాత్రి మొదటి ఫైలు: పేరు అదే, సైజు అదే. ఒక్కోటీ రెండు గంటల పైచిలుకు.

కొన్ని నెలలకి డిస్కు నిండింది. మర్నాడు పొద్దున్నే వేరే రికార్డింగు ఉంది. డూప్లికేట్లు వెతికే ప్రోగ్రాము నడిపాను. అది పేరూ సైజూ పోల్చి ఈ జంటని చూపించింది. వినలేదు. రెండోది తీసేశాను. ట్రాష్‌లో ఉన్నంతసేపు చోటు రాదు గనక అదీ ఖాళీ చేశాను. మర్నాటి రికార్డింగు వెళ్ళి సరిగ్గా ఆ ఖాళీలోనే కూర్చుంది. సంగతి తెలిశాక రికవరీ చేయించబోతే చెత్త తప్ప ఏమీ రాలేదు.

మళ్ళీ ఆ ఊరెళ్ళాను. ఆ కథ పాడిన తాత అరుగు మీదే కూర్చున్నాడు. జముకు గోడకి వేలాడుతోంది, తీగ వదులైపోయి. మళ్ళీ పాడమని అడిగాను. “వంతగాడు పోనాడు బాబూ. వంత నేకుండా ఏటి పాడతాను?” అన్నాడు.

ఈ హాల్లో కార్డు జేబులో పెట్టుకుని వచ్చినవాళ్ళు చేతులెత్తండి. ఇంతమందా! అందులో ఉన్నది ఇంకెక్కడా లేనివాళ్ళు చేతులు దించకండి.

అమ్మా, నాయనా, కార్డు దించగానే ఫైలు పేరు మార్చండి. తేదీ, ఊరు, ఎన్నో రాత్రి, అన్నీ రాయండి. పేరూ సైజూ చూసి దేన్నీ డూప్లికేట్ అనకండి. ఎండీ5, అంటే ఫైలు లోపలున్నదంతా చూసి కట్టే గుర్తింపు అంకె, లెక్క కట్టి చూడండి, ఒక్క శాంపిల్ తేడా ఉన్నా అంకె మారిపోతుంది. ఆ తర్వాత కూడా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదలూ మధ్యా చివరా వినండి. ప్రో టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ ‘వాడనివి’ అని చూపించేది తెరిచి ఉన్న సెషన్‌లో, అంటే ఆ ప్రాజెక్టులో, వాడనివి మాత్రమే. పక్క సెషన్ అదే ఫైలు మీద నడుస్తుండవచ్చు. అందుకే వెంటనే చెరపకండి. వేరే ఫోల్డరులోకి జరిపి, ప్రాజెక్టులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూడండి. ఫైలు దొరకలేదని ఏదైనా మొరపెడితే వెనక్కి పెట్టెయ్యొచ్చు. చోటు మరీ తక్కువైతే ఫ్లాక్ అనే కుదించిన ఆడియో ఫైలులోకి మార్చండి, ధ్వనిలో ఒక్క బిట్టు కూడా పోదు. ఇంకో డిస్కు మీద ఉన్న రెండో కాపీ జోలికి మాత్రం పోకండి. అది డూప్లికేట్ కాదు. నాకు ఆ రోజు లేనిది అదే.

ఫ్లాక్ గురించి ఇంకా చెప్పాల్సింది ఉంది, టైము అయిందంటున్నారు. టీ దగ్గర నా లాప్‌టాపూ రెండు ఖాళీ డిస్కులూ ఉంటాయి. చేయి దించనివాళ్ళు కార్డులు తీసుకుని అక్కడికి రండి, ఈ పూటే కాపీ చేద్దాం.

ఆ రెండో రాత్రిది రెండో ఫైలు మిగిలింది. తెచ్చాను. కథ మధ్యలో, మాట మధ్యలో మొదలవుతుంది. ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపండి, వంత వినపడాలి.