దసరాకు ఊరికొచ్చినం | బువ్వ తగ్గించి కూర పెంచి తినుడు మా ఇంట్ల ఎట్లుంటదో చూడుండ్రి

అందరికి నమస్తే అండి, మేమైతే డాలస్ నుంచి దసరాకు ఇంటికొచ్చినం, ఇది మా అమ్మవాళ్ల ఊరు, మిర్యాలగూడ దగ్గర, అగో అటు చూడుండ్రి కనవడేదంత వరే, సాగర్ ఎడమ కాల్వ కింద ఊర్లన్ని గిట్లనే ఉంటయి. చానామంది అడుగుతున్నరు, అక్కా నువ్వు లో కార్బ్, అంటే బువ్వ, రొట్టె, చక్కెర అసోంటివి తగ్గించిన తిండి తింటవ్ కదా, ఊరికి పోయినంక ఏం తింటవ్, అక్కడ బాదం పిండి దొరుకుతదా, కీటో బ్రెడ్ దొరుకుతదా అని. అవేం అక్కర్లేదండి. నాకైతే డాలస్ల కంటే ఇక్కడనే ఈ తిండి సులువుగ అయితుంది, అదెట్లనో ఇయ్యాల చూపిస్త.

ముందు నా సంగతి చెప్త. నాకు అక్కడ టెస్ట్ చేయిస్తే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. అది దాదాపు మూడు నెలల షుగర్ సగటు చెప్తది, 5.7 నుంచి 6.4 దాక ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వచ్చే ముందు దశ, 6.5 కాడికి వస్తే షుగర్ వచ్చినట్టే. నేను చూస్తానికి సన్నగనే ఉంట, కని మనోళ్లకు పొట్ట దగ్గర కొవ్వు ఉంటే చాలు, బరువు లేకున్నా షుగర్ రావొచ్చు, అందుకే మనకు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 23 దాటితెనే జాగ్రత్త అంటరు. ఇప్పుడు నాది 5.5 కు వచ్చింది. అమ్మకేమో షుగర్ చానా ఏండ్ల సంది ఉంది, అందుకే ఈసారి నా తిండి కంటే అమ్మ తిండి మీదనే నాకు ఎక్కువ ధ్యాస. 2023ల వచ్చిన ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి సర్వేల మన దేశంల 10 కోట్ల మందికి పైన షుగర్ ఉందని తేలింది, ఇంకో 13 కోట్లకు పైన మంది ప్రీడయాబెటిస్‌ల ఉన్నరంట. అది చదివినప్పుడు నాకు మా వాడకట్టే గుర్తొచ్చింది, ఏ ఇంటికి పోయినా ఫ్రిజ్ మీద గోలీల డబ్బా ఉంటది.

సరే వంటింట్లకు రండి. వచ్చిన తెల్లారే తూకం మిషన్ పెట్టి చూసినం, అమ్మ పగటిపూట తినే బువ్వ 400 గ్రాములు తూగింది. వండిన అన్నం 100 గ్రాములల్ల 28 గ్రాముల దాక కార్బ్స్, అంటే ఒంట్లకు పోయి షుగర్ అయ్యే పిండిపదార్థం ఉంటది, అంటే ఆ ఒక్క పూటకే 110 దాటింది. లో కార్బ్ అంటే మామూలుగ రోజు మొత్తం మీద 130 గ్రాముల లోపల, ఇంకా కఠినంగ ఉండే కీటో అయితే 50 లోపలే. మరి పక్కన కూర ఎంత పెట్టుకుందో తెలుసా, రెండు చెంచాలు, బువ్వల కలుపుకునేటందుకు మాత్రమే. ఇంట్ల చిక్కుడుకాయ ఉంది, బీరకాయ ఉంది, పుంటికూర ఉంది, గంగవాయిల కూర చెలకల పుక్యానికి దొరుకుతది, కోళ్లు ఉన్నయి, గుడ్లు ఉన్నయి, అన్నీ ఉండి బువ్వతోనే కడుపు నింపుకుంటున్నం.

జొన్న రొట్టె సంగతి గూడ చెప్పాలె, ఎందుకంటే అందరు అది తింటే షుగర్ రాదనుకుంటరు. మా నాయనమ్మ చెప్పేది, 1967ల కాల్వకు సాగర్ నీళ్లు ఇడిసేదాక ఇక్కడ చెరువు కింద తప్ప వరి లేకుండె, ఇంట్ల జొన్న గటకనే, వరి బువ్వ అంటే పండుగకే. పాలమూరు దిక్కు మా చిన్నమ్మవాళ్లింట్ల ఇప్పటికి రాత్రి రొట్టెనే. మంచిదే, పీచు ఉంటది, ఆకలి ఆగుతది, కని జొన్నపిండి 100 గ్రాములల్ల గూడ 70 దగ్గర కార్బ్స్ ఉంటయండి. 50 గ్రాముల పిండితోని ఒక్క రొట్టె చేసుకుని గిన్నె నిండ కూరతోని తింటే 35 గ్రాములతోని అయిపోతది. నాలుగు రొట్టెలు తింటే మళ్ల మొదటికే వచ్చినట్టు.

ఇప్పుడు అమ్మ పళ్లెం చూడుండ్రి. ముందు ఆనిగెపుకాయ కూర గిన్నెడు, రెండు ఉడకబెట్టిన గుడ్లు, పల్లి తొక్కు, గివి తిన్నంక ఆఖరుకు ఒక చిన్న కప్పు బువ్వ పచ్చిపులుసుతోని, తర్వాత ఉప్పేసిన చల్ల. బువ్వను ఆఖరుకు తినుడుతోని గూడ షుగర్ మెల్లగ ఎక్కుతది, అదే తిండి వరస మార్చి తిన్నా తేడా కనిపిస్తది. తిన్న రెండు గంటలకు మిషన్ల చూస్తే అమ్మకు ఇదివరకు 260, 270 వచ్చేది, నిన్న 158 వచ్చింది. అమ్మ నమ్మలే, ఇంకో వేలు కుచ్చి చూడు అన్నది.

కని ఇక్కడ మీరు జర ఆగి ఇనాలె, చేతులెత్తి చెప్తున్న. షుగర్ గోలీలు ఏసుకునేటోళ్లు డాక్టర్‌కు చెప్పకుండ ఒక్కసారే బువ్వ తగ్గించకుండ్రి. గ్లిమిపిరైడ్ అసోంటి గోలీలు, ఇన్సులిన్ వాడేటోళ్లు కార్బ్స్ తగ్గిస్తే షుగర్ ధనేలున పడిపోతది, చెమటలు, వణుకు, కళ్లు తిరుగుడు, ఒంటరిగ ఉన్న ముసలోళ్లకైతే పాణం మీదికే వస్తది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోలీలు వాడేటోళ్లు కార్బ్స్ మరీ తగ్గిస్తే షుగర్ మామూలుగ కనవడుకుంటనే కీటోయాసిడోసిస్, అంటే నెత్తురుల ఆమ్లం పెరిగి పాణం మీదికొచ్చే జబ్బు అయ్యే ప్రమాదం ఉంది. మేమైతే ముందే మిర్యాలగూడల డాక్టర్ దగ్గరికి పోయి చెప్పినం, ఆయన గోలీ సగం చేసినంకనే మొదలుపెట్టినం. కిడ్నీ ఖరాబైనోళ్లు ప్రోటీన్ ఎంత తినాలెనో గూడ అడిగి తెలుసుకోవాలె. మొదటి వారం తలకాయ నొయ్యొచ్చు, నీరసం అనిపించొచ్చు, ఒంట్లకెళ్లి నీళ్లు, ఉప్పు ఎక్కువ పోతయి, బీపీ లేనోళ్లు చల్లల ఉప్పేసుకుని తాగితే సరిపోతది.

2017, 18 టైంల వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ అని, బువ్వ బంద్ పెట్టి కొవ్వు ఎక్కువ తినేది, అందరు చేసిండ్రు గుర్తుందా, మాది అంత కఠినం గాదు. నేను పప్పు తింట, పెరుగు తింట, జామకాయ తింట. బాలానగర్ సీతాఫలం సీజన్ ఇది, అదైతే తీపి ఎక్కువ, అమ్మకు రెండు తొనలు ఇచ్చి మిగిలింది పిల్లలకు పెట్టిన. బత్తాయి జ్యూస్ తీసుడు బంద్, పండు ఒలుచుకుని సగం తినుడే.

చుట్టాలది ఒక కష్టం. పెద్దమ్మ ఇంటికి పోతే, ఏందే బిడ్డా, అమెరికా పోయి బువ్వ మరిసినవా అన్నది. పెద్దమ్మా మరువలే, కూర ఇంకింత ఎయ్యి అన్న, సంబురపడుకుంట నాటుకోడి గిన్నెనే ముందల పెట్టింది. వద్దు అంటే బాధ పడతరు, ఇంకోటి అడిగితే పడరు, మీరు గూడ గట్లనే చేయుండ్రి.

రేపు సద్దుల బతుకమ్మ. పులిహోర, పెరుగు సద్ది ఎప్పటిలెక్కనే దేవుని కోసం, ఆడోళ్లందరి కోసం చేస్తం, మలీద గూడ. అమ్మకు, నాకు మాత్రం నువ్వుల సత్తు, పల్లి సత్తు చక్కెర లేకుండ ఏలక్కాయ ఏసి సపరేట్‌గ దంచుతున్నం, పొద్దుగాల తంగేడు పువ్వుకు పోయేటప్పుడు కెమెరా తీసుకుపోత, వచ్చినంక ఆ సత్తు ఎంత నువ్వులకు ఎంత పల్లి అనేది కొలతతోని చూపిస్త.