గిన్నెలు, గులకరాళ్ళు, మావాడి ఇంగ్లీషు ఎస్సే

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ కాస్ట్‌కో షాపింగూ లేదు, వంటా లేదు. నిన్నటి పప్పుచారుతోనే కానిచ్చేశాం. మావాడు నైన్త్ గ్రేడ్, మా టెక్సస్‌లో ఆ క్లాసుని ఇంగ్లీష్ వన్ అంటారు. షార్ట్ స్టోరీ యూనిట్ నడుస్తోంది. రాత్రి 11:59 లోపు ఎస్సే సబ్మిట్ చెయ్యాలి. ఇప్పుడు తొమ్మిదిన్నర. అదిగో, డైనింగ్ టేబుల్ మీద క్రోమ్‌బుక్, పక్కన కథ ప్రింటవుట్. హైలైటర్ పూసీ పూసీ కాగితం పసుపు ముద్దలా తయారైంది.

కథ షర్లీ జాక్సన్ రాసిన 'ది లాటరీ'. 1948 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో వచ్చింది. చదవాలనుకునేవాళ్ళు వీడియో కాస్త ముందుకి జరిపేసుకోండి, మొత్తం చెప్పేస్తున్నా. మూడొందల మంది ఉండే పల్లెటూరు. జూన్ 27 పొద్దున ముందు ఇంటికొకరు చీటీ తీస్తారు, చుక్క పడిన ఇంట్లోవాళ్ళంతా మళ్ళీ తీస్తారు. చివరికి నల్ల చుక్క ఎవరికి వస్తే వాళ్ళని ఊరంతా చేరి రాళ్ళతో కొడుతుంది. ఎందుకో ఎవరికీ సరిగ్గా గుర్తు కూడా లేదు. పాఠకులు తిట్టిపోశారు. ఆ వేసవిలో తనకొచ్చిన మూడొందల పైచిలుకు ఉత్తరాల్లో మంచిగా మాట్లాడినవి 13 అని తర్వాత ఆవిడే చెప్పుకుంది. వాళ్ళమ్మ కూడా నచ్చలేదనే రాసిందట, పాపం.

ఇక మా ఇంటి గొడవ. తప్పు నాదేలెండి. పోయిన వారం మొదటి డ్రాఫ్టుకి నేను సాయం కూర్చున్నా. తణుకు దగ్గర జిల్లా పరిషత్ స్కూల్లో చదువుకున్నదాన్ని. మాకు నాన్‌డిటెయిల్డ్ కథల పుస్తకం అంటే గైడే. సారాంశం బట్టీ కొట్టి కామాలతో సహా దించేసేదాన్ని. అదే విద్య ఇక్కడా చూపించా. కథ మొదట్నుంచి చివరిదాకా నాలుగు పేరాల్లో ముచ్చటగా రాయించా. గూగుల్ డాక్ అంచున టీచర్ పెట్టిన కామెంట్ ఒక్కటే: కథ నేనూ చదివాను, మరి నువ్వేమంటావు? మావాడు నావైపు ఒక చూపు చూశాడండీ...

వాళ్ళకి కావాల్సింది థీసిస్ స్టేట్‌మెంట్. అంటే ఎదుటివాడు కాదని వాదించడానికి వీలుండే మాట. 'ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు' అంటే కాదనేదెవరు? అందుకని అది చెల్లదు. ఒక మాట అనాలి, దానికి కథలోంచి ఒక వాక్యం తేవాలి, ఆ వాక్యం నీ మాటని ఎలా నిలబెడుతుందో విప్పి చెప్పాలి. ఈ మూడోదాని దగ్గరే పిల్లలు చల్లగా జారుకుంటారు. టెక్సస్ రాష్ట్ర పరీక్ష స్టార్‌లో ఎస్సేకి 5 పాయింట్ల రూబ్రిక్, అంటే మార్కులు వేసే కొలత, ఉంటుంది. అందులో 3 ఆలోచనకీ అమరికకీ, గ్రామరు స్పెల్లింగులకి 2. మా మాస్టారైతే ఒక్క స్పెల్లింగు తప్పుకే చెవి మెలేసేవారు.

నాకేమో చివర్లో రాళ్ళ దెబ్బలు తినే టెస్సీ మీద జాలి. ఇవాళ ఏ రోజో మర్చిపోయి లాటరీకి ఆలస్యంగా పరిగెత్తుకొస్తుంది, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ. సింకులో గిన్నెలు వదిలేసి రమ్మంటారా ఏంటి అంటుంది. అచ్చం మనమే కదా! "ఊళ్ళో ఎదురుతిరిగింది టెస్సీ ఒక్కతేనని రాయరా" అన్నా. వాడు మాట్లాడకుండా కాగితం తిప్పి ఒక లైను మీద వేలు పెట్టాడు. చుక్క తన ఇంటికి పడగానే టెస్సీ అరుస్తుంది: డాన్, ఈవా ఉన్నారుగా, వాళ్ళనీ తియ్యమనండి! ఈవా ఎవరనుకున్నారు? పెళ్ళయిన కూతురు. చీటీలు పెరిగితే తనకి తగిలే వంతు తగ్గుతుందిగా. పెళ్ళయిన ఆడపిల్లలు మొగుడి ఇంటితోనే తీస్తారు, నీకు తెలీదా అంటాడు లాటరీ నడిపే పెద్దాయన.

"అమ్మా, ఆవిడ లాటరీకి ఎగైన్స్ట్ కాదు. తనకి రావడానికి ఎగైన్స్ట్. ఇదే నా థీసిస్."

ఆ లైను నేనూ చదివాను. కళ్ళు దాటేసి వెళ్ళిపోయాయి. ఇంటిపేరు మారితే పిల్ల ఆ ఇంటిదే అనే మాట మనకి అంత మామూలు మరి. కథ మొదట్లోనే పిల్లలు నున్నటి రాళ్ళు ఏరి జేబుల్లో నింపుకుంటుంటారు. అదీ ఆటే అనుకున్నా.

కెమెరా ఆపి మళ్ళీ పెట్టా. 11:40. టైమ్స్ న్యూ రోమన్, 12 సైజు, డబుల్ స్పేస్ అన్నీ చూసుకుని సబ్మిట్ నొక్కాడు. ఒళ్ళు విరుచుకుంటూ అడిగాడు, "అమ్మా, నువ్వైతే నన్ను కూడా తియ్యమంటావా?"

"ముందు ఆ కంచం సింకులో పెట్టు" అన్నా.