కరెంటు పోయిన రోజు, కీ బయటపడ్డ రోజు: రహస్యాలను కాపాడే సాఫ్ట్‌వేర్ నిర్మాణం

అందరికీ నమస్కారం. విశాఖలోని ఋషికొండ, మధురవాడ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకునేవాళ్లు కలిసి కూర్చున్న సభ ఇది. అందుకని మొదటి నుంచీ చెప్తాను. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం దగ్గరికి వెళ్లి లోపలికి రానివ్వమని అడగాలంటే ఏదో ఒకటి చూపించాలి. డేటాబేస్ పాస్‌వర్డ్, ఏపీఐ కీ (ఒక సేవను వాడుకోవడానికి ప్రోగ్రాం చూపించే రహస్య కోడ్), సర్టిఫికెట్ తాలూకు ప్రైవేట్ కీ లాంటివన్న మాట. ఈ సాయంత్రం రహస్యాలు అన్నప్పుడల్లా నేను చెప్పేది వీటి గురించే.

ఇవి చాలా ప్రాజెక్టుల్లో ఎక్కడ ఉంటాయో మీకు తెలుసు. కోడ్‌లో, కాన్ఫిగ్ ఫైల్లో, టీమ్ వాట్సాప్ గ్రూపులో. 2016లో ఊబర్ మీద దాడి చేసినవాళ్లు ఆ కంపెనీ ఇంజనీర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ ప్రైవేట్ రిపాజిటరీలోకి దూరారు. అక్కడ వాళ్లకు అమెజాన్ క్లౌడ్ కీ దొరికింది. దాంతో 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పట్టుకుపోయారు. ఈ సంగతి లోకానికి 2017 నవంబరులో గానీ తెలియలేదు. అలాంటి కీ కోడ్‌లో కనిపించగానే ఆ లైన్ తీసేసి కమిట్ చేస్తే, అంటే ఆ మార్పును కోడ్ చరిత్రలో నమోదు చేస్తే, పని అయిపోయిందనుకుంటాం. పాత కమిట్లలో అది చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే.

రహస్యాలు దాచే సాఫ్ట్‌వేర్ మంచిదో కాదో అన్నీ సవ్యంగా ఉన్న రోజున తేలదు. డిస్క్ ఎవరో ఎత్తుకుపోయిన రోజు, కరెంటు పోయి సర్వర్ పడిపోయిన రోజు, కీ బయటపడ్డ రోజు అది ఏం చేస్తుందో చూడాలి. హాషికార్ప్ అనే కంపెనీ 2015లో విడుదల చేసిన వాల్ట్‌ను, అంటే రహస్యాలను దాచి అడిగినవాళ్లకు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను, ఉదాహరణగా తీసుకుంటాను. 2023లో దాని లైసెన్సు మారాక దాని నుంచి చీలి వచ్చిన ఓపెన్‌బావో అనే సాఫ్ట్‌వేర్‌కి కూడా మూల నిర్మాణం ఇదే.

వాల్ట్ తన డిస్క్‌ను తానే నమ్మదు. భద్రపరచమని మనం ఇచ్చిన ప్రతిదీ ఏఈఎస్-256 జీసీఎం అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయ్యాకే, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారాకే, డిస్క్ మీదికి వెళ్తుంది. ఈ పద్ధతిలో, డిస్క్ మీద ఎవరైనా ఒక్క బిట్ మార్చినా తిరిగి చదివేటప్పుడు దొరికిపోతారు. మరి ఆ ఎన్‌క్రిప్షన్ కీ ఎక్కడుంది? అదే డిస్క్ మీద, రూట్ కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. రూట్ కీ కూడా అక్కడే, అన్‌సీల్ కీతో (మూసి ఉన్న వాల్ట్‌ను తెరిచే కీతో) ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. అన్‌సీల్ కీ మాత్రం ఆ మెషీన్‌లో ఎక్కడా ఉండదు. ముక్కలై మనుషుల చేతుల్లో ఉంటుంది.

ఆ ముక్కలు చేసే పద్ధతి ఆది షమీర్ అనే క్రిప్టోగ్రఫీ శాస్త్రవేత్తది. 1979లో రెండు పేజీల పేపర్‌లో రాశారు. కంప్యూటర్ సైన్స్‌లో ఇంత తక్కువ మాటల్లో ఇంత ఉపయోగపడే విషయం చెప్పినవి అరుదని నా నమ్మకం. బ్యాంకు లాకర్‌కి రెండు తాళం చెవులుంటాయి, రెండూ ఉంటేనే తెరుచుకుంటుంది, ఒకటి పోతే చిక్కే. షమీర్ పద్ధతిలో ఐదుగురికి ఐదు ముక్కలిస్తే, అందులో ఏ ముగ్గురు వచ్చినా చాలు. ఎలాగంటే, ఇంటర్మీడియట్‌లో గీసిన పారాబోలా గుర్తు తెచ్చుకోండి. వై-అక్షాన్ని అది ఎక్కడ ఖండిస్తుందో అదే మన రహస్యం. ఆ గీత మీది ఐదు బిందువులు ఐదుగురికి ఇస్తాం. మూడు బిందువులు తెలిస్తే పారాబోలా ఒక్కటే వస్తుంది, రహస్యం బయటికొస్తుంది. రెండే తెలిస్తే వాటి గుండా పారాబోలాలు లెక్కలేనన్ని గీయొచ్చు, వై-అక్షం మీద ఏ బిందువైనా సమాధానం కావచ్చు. అంటే రెండు ముక్కలు దొంగిలించినవాడికీ ఒక్క ముక్క కూడా లేనివాడికీ తేడా లేదు. సగమో, మూడింట రెండొంతులో తెలిసిపోవడం అనేదే ఉండదు. వాల్ట్ ఈ లెక్కను మామూలు సంఖ్యలతో కాకుండా 256 విలువల పరిమిత క్షేత్రంలో (ఆ 256 విలువలు దాటి బయటికి పోని లెక్కల్లో), బైటు బైటుకీ చేస్తుంది.

ఇప్పుడు కరెంటు సంగతికి వద్దాం. సర్వర్ ఏ కారణంతో రీస్టార్ట్ అయినా వాల్ట్ సీల్ అయిన స్థితిలోనే, అంటే మూసుకునే, లేస్తుంది. మెమరీలో ఉన్న కీ పోయింది కాబట్టి తన డేటా తనకే చదవడం రాదు. ముగ్గురు తమ ముక్కలు ఇచ్చేదాకా అలాగే ఉంటుంది. విశాఖలో ఉన్నవాళ్లు ఈ మాట విని 2014 అక్టోబరు 12ను తలుచుకోవాలి. హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద చెట్లు. మీ ఐదుగురు కీ హోల్డర్లూ ఎంవీపీ కాలనీలోనూ మధురవాడలోనూ ఉంటే, సర్వర్ ముంబైలో క్షేమంగా ఉన్నా ఆ రోజు దాన్ని తెరిచేవాళ్లు ఉండరు. కనీసం ముగ్గురు ఈ తీరానికి దూరంగా ఉండాలి, ముగ్గురూ ఒకే ఊళ్లో ఉండకూడదు. అన్‌సీల్ కీ పంచేటప్పుడు ఎవరు సీనియర్ అని చూస్తారు గానీ, ఎవరు ఎక్కడుంటారని చూడరు.

ఈ టెన్షన్ వద్దనుకునేవాళ్లకు ఆటో అన్‌సీల్ ఉంది. రూట్ కీకి రక్షణగా ఉండే పనిని క్లౌడ్ కేఎంఎస్‌కో (కీలను భద్రపరిచే క్లౌడ్ సేవ) హెచ్ఎస్ఎం పరికరానికో (కీలను లోపలే ఉంచుకునే ప్రత్యేక హార్డ్‌వేర్) అప్పగిస్తారు. రాత్రి రెండింటికి రీస్టార్ట్ అయినా ఎవర్నీ లేపక్కర్లేదు. కానీ ఆ కేఎంఎస్‌లోని కీని ఎవరైనా పూర్తిగా డిలీట్ చేస్తే మీ డేటా శాశ్వతంగా పోయినట్టే. ఇందులో మనుషుల దగ్గరుండే రికవరీ కీలు డేటాను విప్పలేవు. చిన్న టీములకు నేను ఆటో అన్‌సీల్‌నే సిఫారసు చేస్తాను. ఆ డిలీట్ అనుమతి మాత్రం ఒక్క మనిషి చేతిలో పెట్టకండి.

కీ బయటపడ్డ రోజుకి వాల్ట్ ఇచ్చే జవాబు డైనమిక్ సీక్రెట్. అన్నిటికన్నా నాకు నచ్చేది ఇదే. మీ అప్లికేషన్ డేటాబేస్ పాస్‌వర్డ్ అడిగితే, దాచి ఉంచినది తీసి ఇవ్వదు. అప్పటికప్పుడు డేటాబేస్‌లో కొత్త యూజర్‌ను సృష్టించి, దానికి మనం చెప్పినంత గడువు, ఉదాహరణకు ఒక గంట, లీజు పెట్టి ఇస్తుంది. గడువు తీరగానే ఆ యూజర్‌ను తీసేస్తుంది. ఎక్కువసేపు కావాలంటే అప్లికేషనే లీజు పొడిగించుకోవాలి. పది సర్వర్లుంటే పది వేర్వేరు యూజర్లు. లాగ్‌లో పాస్‌వర్డ్ లీకైతే ఏ సర్వర్ నుంచి పోయిందో తెలుస్తుంది, మిగతా తొమ్మిదింటినీ కదపకుండా ఆ ఒక్కటే రద్దు చేయొచ్చు. ఏళ్ల తరబడి మారని పాస్‌వర్డ్‌ను ఎంత గట్టిగా ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టినా ఈ సౌకర్యం రాదు.

విద్యార్థులు ఈపాటికి ఒకటి అడగాలి: వాల్ట్‌ను అడగడానికి అప్లికేషన్‌కి ఒక గుర్తింపు కావాలి కదా, అది ఎక్కడ దాస్తాం? ఈ సమస్యను సీక్రెట్ జీరో అంటారు. అప్లికేషన్ ఎక్కడ నడుస్తుందో ఆ వేదికే దాన్ని గుర్తుపట్టి చెప్పడం దీనికి మేలైన దారి. అప్లికేషన్లను చాలా సర్వర్ల మీద నడిపించే కుబర్నెటీస్‌లో, ప్రతి పాడ్‌కీ (అప్లికేషన్ నడిచే చిన్న యూనిట్‌కీ) మామూలుగా ఒక సర్వీస్ అకౌంట్ టోకెన్, అంటే గుర్తింపు చీటీ, వస్తుంది. పాడ్ దాన్ని చూపిస్తే, నిజమైనదేనా అని వాల్ట్ కుబర్నెటీస్‌నే అడిగి తెలుసుకుంటుంది. డెవలపర్ చేత్తో పెట్టాల్సింది ఏమీ మిగలదు.

ఎవరు ఎప్పుడు ఏం అడిగారో రాసిపెట్టే ఆడిట్ లాగ్ గురించి ఒక్క మాట. ఆడిట్ పెట్టాక, దాన్ని ఎక్కడా రాయలేని పరిస్థితి వస్తే వాల్ట్ అభ్యర్థనలకు జవాబివ్వడం ఆపేస్తుంది. లాగ్ డిస్క్ నిండిపోయి సైట్ ఆగిందంటే నమ్మబుద్ధి కాదు గానీ, అది బగ్ కాదు. రాతపూర్వకంగా సాక్ష్యం లేకుండా రహస్యం ఇవ్వకూడదని కావాలని పెట్టిన నియమం. అందుకని ఆడిట్‌ను రెండు చోట్లకు పంపండి. ఒక్కచోట రాయగలిగినా పని సాగుతుంది.

చివరగా, కీ హోల్డర్లలో ఒకరు ఉద్యోగం మారి హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతారు. లాప్‌టాప్, ఐడీ కార్డు వెనక్కి తీసుకునే హెచ్ఆర్ ఫారంలో అన్‌సీల్ ముక్క గురించి అడిగే గడి ఉండదు. దీనికోసమే వాల్ట్‌లో రీకీ అనే కమాండ్ ఉంది. మిగిలినవాళ్లలో ముగ్గురు కూర్చుంటే కొత్తగా ఐదు ముక్కలు వస్తాయి, పాతవి చెల్లవు. లోపలున్న డేటాను తిరిగి ఎన్‌క్రిప్ట్ చేయక్కర్లేదు, సర్వర్ ఆపక్కర్లేదు. సోమవారం ఆఫీసుకి వెళ్లగానే మీ ఐదు ముక్కలూ ఎవరెవరి దగ్గరున్నాయో కనుక్కోండి. ఇక ప్రశ్నలు అడగండి, ముందు వెనక వరసలో ఉన్న విద్యార్థులకు మైక్ ఇవ్వండి.