ముంబయిలో కాస్టింగ్ డైరెక్టర్ కావాలంటే: శ్రోతల ప్రశ్నలు, జవాబులు

యాంకర్: నమస్కారమండీ, లైన్లు తెరిచాం. ఈ వారం హిందీ సినిమాల్లో కాస్టింగ్ డైరెక్టర్ ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం. స్టూడియోలో మనతో ఉన్న మేడమ్‌ది విజయనగరం. ముంబయి అంధేరీలోని కాస్టింగ్ ఆఫీసుల్లో అసిస్టెంట్‌గా మొదలుపెట్టి అసోసియేట్ దాకా చేశారు. ఇంకా అక్కడివాళ్లతోనే పని కాబట్టి పేరు చెప్పొద్దన్నారు. మొదటి కాల్ హనుమకొండ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే మేడం. నాది డిగ్రీ అయిపోయింది. కాలేజీల నాటకాలు వేసిన, వేరేటోళ్లతోటి వేయించిన గూడ. నాకు యాక్టింగ్ కంటె ఎవరికి ఏ వేషం ఇయ్యాల్నో చూసుడే మంచిగ అనిపిస్తది. ముంబయి పోయి కాస్టింగ్ డైరెక్టర్ గావాలంటే ఏం కోర్సు చెయ్యాలె?

అతిథి: కోర్సు చదివి వచ్చినవాళ్లు నాకైతే తగల్లేదు తమ్ముడూ. పుణె సినిమా స్కూలు ఎఫ్‌టీఐఐలో డైరెక్షన్‌కో ఎడిటింగ్‌కో సీటు తెచ్చుకున్నట్టు దీనికి తెచ్చుకునేది కాదు. ఏదో ఒక ఆఫీసులో అసిస్టెంట్‌గా చేరి నేర్చుకున్నవాళ్లే అందరూ. ఇప్పుడు పేరున్న కాస్టింగ్ డైరెక్టర్లనే చూడు. ముకేశ్ ఛాబ్రా ఢిల్లీ నాటకాల నుంచి వచ్చాడు. అభిషేక్ బెనర్జీ కూడా ఢిల్లీ కాలేజీ నాటకాలవాడే. నాటకాలు వేయించానన్నావు చూడు, నీ దగ్గర పనికొచ్చేది అదే.

యాంకర్: అసలు రోజూ చేసే పని ఏమిటో చెప్పండి మేడమ్. బయట చాలామంది కాస్టింగ్ డైరెక్టర్ అంటే వేషాలు పంచిపెట్టే మనిషి అనుకుంటారు.

అతిథి: పంచిపెట్టడానికి మా చేతిలో ఏముందండీ! మేం పెళ్లిళ్ల పేరయ్యలం. సంబంధం తెస్తాం, తాంబూలాలు పుచ్చుకునేది వాళ్లూ వాళ్లూ. నిర్మాతలు స్క్రిప్టు ఇస్తారు. కూర్చుని పాత్రలన్నీ విడదీస్తాం. వయసెంత, ఏ ఊరు, ఏ యాస, ఎన్ని సీన్లు, ఎన్ని రోజుల షూటింగ్... పోలీసు ఇన్‌స్పెక్టర్ నుంచి గుమ్మంలో నిలబడే గూర్ఖా దాకా. ఒక్కో పాత్రకు ఒక సీను తీసి ఆడిషన్లు పెడతాం. అందులోంచి ముగ్గురినో నలుగురినో షార్ట్‌లిస్ట్ చేసి పంపిస్తే డైరెక్టరూ నిర్మాతా చూసి ఒకరిని ‘లాక్’ చేస్తారు. ఆ తరవాత వేషం వేసి చూసే లుక్ టెస్టు, డేట్లు, డబ్బు మాటలు. రేపు షూటింగనగా రాత్రి పదకొండింటికి ఒకాయనకు జ్వరం వస్తుంది. అప్పుడు ఫోన్ మోగేది మనకే.

కాలర్: అసిస్టెంట్ ఏం చెయ్యాలె మేడం?

అతిథి: కెమెరా ఆన్ చెయ్యాలి, ఎదుటి పాత్ర డైలాగులు చదవాలి. దాన్ని ‘క్యూ ఇవ్వడం’ అంటాం. ఒకే సీను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. సాయంత్రం ఆరింటికి వచ్చిన మనిషి మూడు బస్సులు మారి వచ్చుంటాడు, అతనికి అదే మొదటిసారి. నువ్వు నీరసంగా చదివితే అతని ఆడిషన్ పోయినట్టే. ఇది చెప్పినంత తేలిక కాదు. తరవాత ప్రతి వీడియోకీ పేరు, వయసు, ఎత్తు, ఫోన్ నంబరు పెట్టి సర్దాలి. వర్సోవాలో ఆరామ్ నగర్ అని ఉంది. పాత బంగళాలు, ఇరుకు సందులు, ఇంటికో ఆడిషన్ గది. గుమ్మంలో పిల్లలు వరసగా నిలబడి ఉంటారు. తల లోపలికి పెట్టి చూసీచూడగానే ‘నాట్ ఫిట్’ అని పంపేస్తుంటారు. నాకా మాట నచ్చదు. ఈ పాత్రకు కాకపోయినా ఇంకో పాత్రకు ఫిట్టేమో ఎవడికి తెలుసు? పేరు రాసుకోవడానికి నిమిషం పట్టదు. ఆ రాసుకున్నదే రేపు నీ పెట్టుబడి.

యాంకర్: హిందీలో ఈ ఉద్యోగం కొత్తగా వచ్చిందంటారు, నిజమేనా?

అతిథి: పేరు తెర మీదకి రావడం కొత్త. 1982లో ‘గాంధీ’కి ఇక్కడి నటుల్ని చూసిపెట్టింది డాలీ ఠాకూర్. ‘బ్యాండిట్ క్వీన్’కు తిగ్మాంశు ధూలియా. సీమా బిస్వాస్, నిర్మల్ పాండే, మనోజ్ బాజ్‌పాయి, సౌరభ్ శుక్లా... ఇప్పుడు వింటే పెద్ద పేర్లు గానీ అప్పుడు వీళ్లంతా నాటకాల్లో ఉన్నవాళ్లు. అందులో చిన్న వేషం వేసిన ఆ మనోజ్ బాజ్‌పాయే 1998లో మన రామ్‌గోపాల్ వర్మ ‘సత్య’లో గ్యాంగ్‌స్టర్ భీకూ మాత్రే అయ్యాడు. ఒక సినిమాకి జాగ్రత్తగా మనుషుల్ని వెతికితే ఆ ఫలం పక్క సినిమాలు పదేళ్లు తింటాయి. 2012లో ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ వచ్చాక ఇది వేరే డిపార్ట్‌మెంట్ అని నిర్మాతలకూ ఎక్కింది. దానికి కాస్టింగ్ ముకేశ్ ఛాబ్రా. ఆస్కార్ వాళ్లు కాస్టింగ్‌కు అవార్డు పెట్టింది 2025 సినిమాలతో మొదలు. మన జాతీయ అవార్డుల్లో ఆ విభాగం ఇంకా లేదు, ఎప్పుడు పెడతారో మరి.

యాంకర్: రాజమండ్రి నుంచి ఒక మాస్టారు లైన్లో ఉన్నారు.

కాలర్: అమ్మా, రిటైరయిన లెక్కల మాస్టారిని. ఓ సందేహం. హీరోలంతా హీరోల కొడుకులే కదా? మరి మీరు ఎంచేదేవిటి, వాళ్లు ఒప్పుకునేదేవిటి?

అతిథి: (నవ్వు) మాస్టారూ, సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. పెద్ద సినిమాల్లో హీరోని మేం ఎంచం. హీరో ఒప్పుకున్నాకే సినిమాకు డబ్బు పుడుతుంది, మా దగ్గరికి స్క్రిప్టు వచ్చేది ఆ తరవాతే. మిగతా పాత్రలు మావి. కానీ అదే అంతా కాదు. ‘బ్యాండ్ బాజా బారాత్’కు రణ్‌వీర్ సింగ్‌ను యశ్‌రాజ్ వాళ్లకు చూపించింది వాళ్ల కాస్టింగ్ డైరెక్టర్ షానూ శర్మ. ‘దంగల్’ అమ్మాయిలు ఫాతిమా, సాన్యా, జైరా ఆడిషన్లలోంచి వచ్చినవాళ్లే. మన శోభితా ధూళిపాళ తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగింది. 2016లో వచ్చిన ‘రామన్ రాఘవ్ 2.0’కు ఆడిషన్ ఇచ్చే వెళ్లింది. ఇక వెబ్ సిరీస్‌లు వచ్చాక మాకు చెయ్యి ఆడింది. ‘స్కామ్ 1992’లో స్టాక్ బ్రోకర్ హర్షద్ మెహతాగా గుజరాతీ నాటకాల ప్రతీక్ గాంధీని పెట్టారు. థియేటర్ సినిమాకైతే ఆ పేరు మీద అంత డబ్బు పెట్టేవాళ్లా? నాకు నమ్మకం లేదు.

కాలర్: అంటే మా మనవడికి ఆశ ఉందంటారా?

అతిథి: మీ మనవడు నటుడా మాస్టారూ?

కాలర్: ఆ... ఇంట్లో.

యాంకర్: (నవ్వు) ఉంటాం మాస్టారూ. విజయవాడ కాల్.

కాలర్: మేడమ్, మా తమ్ముడి గురించండీ. ముంబయిలో పెద్ద కాస్టింగ్ డైరెక్టర్ ఆఫీసంటూ వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. వెబ్ సిరీస్‌లో వేషం ఖాయమన్నారు. రిజిస్ట్రేషనని పదిహేను వేలు, తరవాత డ్రెస్సులకని ఇంకో పాతిక వేలు కట్టించుకున్నారు. నిన్నట్నుంచి ఫోన్ స్విచాఫ్. వాడు ఇప్పటికీ ‘వాళ్లు మంచోళ్లే అక్కా, షూటింగ్‌లో ఉండుంటారు’ అంటున్నాడండీ.

అతిథి: అమ్మా, కార్యక్రమం అయ్యేదాకా ఆగొద్దు. ఫోన్ పెట్టగానే 1930కి చెయ్యండి, అది సైబర్ మోసాల నంబరు. డబ్బు ఆ ఖాతాలోంచి బయటికి పోకముందే చెబితే ఆపే వీలుంటుంది. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. చాట్‌లు చెరపొద్దు, డబ్బు పంపిన రసీదులు దాచండి. తమ్ముణ్ణి తిట్టకండి, తెలివైనవాళ్లు కూడా పడుతున్నారు. పెద్ద కాస్టింగ్ డైరెక్టర్ల ఫోటో పెట్టుకుని, వాళ్ల పేరుతో దొంగ ఖాతాలు తెరిచి ఈ వ్యాపారం చేస్తున్నారు.

యాంకర్: అసలుదీ నకిలీదీ ఎలా పోల్చుకోవాలి మేడమ్?

అతిథి: డబ్బు ఎటునుంచి ఎటు పోతోందో చూడాలి. కాస్టింగ్ డైరెక్టర్‌కు ఫీజు ఇచ్చేది నిర్మాత. ఆడిషన్‌కు, రిజిస్ట్రేషన్‌కు, పోర్ట్‌ఫోలియోకు, అంటే ఫోటోల ఆల్బమ్‌కు, నటుడు రూపాయి ఇవ్వక్కర్లేదు. కోఆర్డినేటర్లు, మేనేజర్లు వేరు. వాళ్లు పని ఇప్పించి, వచ్చిన పారితోషికంలోంచి కమిషన్ తీసుకుంటారు. అదీ పని అయ్యాక. ముందే అడిగారంటే అక్కడ సినిమా లేదు. ఇంకోటి, ఆడపిల్లలకు చెబుతున్నా, మగపిల్లలకు కూడా: ఆడిషన్ పగలు, ఆఫీసులో, కెమెరా ముందు జరుగుతుంది. రాత్రి హోటల్ గదికి రమ్మంటే అది ఆడిషన్ కాదు. పని చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది, సినిమా వాళ్లకు అందులో మినహాయింపేమీ లేదు. హనుమకొండ తమ్ముడు వింటుంటే ఇది అతనికి కూడా. నీ చేతిలో ఆశపడే మనుషులు ఉంటారు. ఎప్పుడో ఎవడో నీకూ ఒక కవరు ఇవ్వబోతాడు.

యాంకర్: కర్నూలు నుంచి కాల్.

కాలర్: మేడమ్, మా పాపకు తొమ్మిదేండ్లు. హిందీ సినిమాకంట, పాప వీడియో చూసి ముంబయికి రమ్మంటాండారు. డబ్బులేం అడగలేదు. పంపొచ్చునా?

అతిథి: పాపను పంపొద్దు, మీరు తీసుకెళ్లండి. నిర్మాణ సంస్థ పేరు, ఎన్ని రోజులు, ఏం సీన్లు అన్నీ కాగితం మీద అడగండి. బాలకార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నియమాలున్నాయి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పెట్టుకుంటే షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి నిర్మాతే తెచ్చుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మూడు గంటలకు మించి విరామం లేకుండా ఉంచకూడదు. వరసగా 27 రోజులు దాటకూడదు, బడి పాఠాలు ఆగకూడదు.

కాలర్: డబ్బులు మా ఆయన పేరు మీద ఏస్తామంటున్నారు.

అతిథి: అందులో కనీసం 20 శాతం పాప పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి, పెద్దయ్యాక తనకే. మీ ఆయనకు ఇప్పుడే చెప్పేయండి.

కాలర్: ఇక్కడే ఉండాడు, ఇంటాండాడు.

యాంకర్: (నవ్వు) చివరి కాల్, మహారాష్ట్రలో భివండి నుంచి.

కాలర్: నమస్తే అక్కా. మా తాతలు సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి ఇక్కడికొచ్చిన్రు. నేను ఒక బట్టల గోదాంల లెక్కలు రాస్త. హిందీ, మరాఠీ, తెలుగు మూడూ వస్తయి. అసిస్టెంట్‌గ తీసుకుంటరా నన్ను? జీతం ఎంతుంటది?

అతిథి: జీతం మొదట్లో నీ గోదాం జీతం కంటే తక్కువే ఉండొచ్చు, నెలనెలా వస్తుందనీ లేదు. ఫీజు నిర్మాత నుంచి విడతలుగా వస్తుంది, సినిమా ఆగితే ఆ విడతా ఆగుతుంది. చేతిలో ఆర్నెల్ల ఖర్చు పెట్టుకుని రా. భివండి నుంచి అంధేరీకి రోజూ తిరిగితే ఒళ్లు హూనమవుతుంది, ఇద్దరు ముగ్గురు అమ్మాయిలతో కలిసి గది చూసుకో. నీ మూడు భాషలూ మాకు అక్కరకొస్తాయి. తెలుగు నటుణ్ణి హిందీ సినిమాకి, మరాఠీవాళ్లను తెలుగు సినిమాకి అడగడం ఇప్పుడు బాగా పెరిగింది. యాస నిజమో కాదో చెవితో పట్టగలిగినవాళ్లు మా ఆఫీసుల్లో తక్కువ.

కాలర్: పోను పోను యాక్టింగ్ కూడ చెయ్యొచ్చా అక్కా?

అతిథి: చెయ్యొచ్చు. ‘పాతాళ్ లోక్’ వెబ్ సిరీస్‌కు కాస్టింగ్ చేసిన అభిషేక్ బెనర్జీయే అందులో హంతకుడు హథోడా త్యాగి వేషం వేశాడు. కానీ దానికోసమే వస్తే నెల తిరక్కుండా తెలిసిపోతుంది. ఎదుటివాళ్లు బాగా చేసినప్పుడు నీకు సంతోషం వెయ్యదు, కడుపు మండుతుంది.

కాలర్: నాకట్ల లేదక్కా. మా గల్లీల గణపతికి నాటకాలేస్తే వేషాలు నేనే పంచుత.

అతిథి: అయితే బయోడేటా పక్కనపెట్టి ఒక పని చెయ్యి. నువ్వు చూసిన ఒక హిందీ సినిమా తీసుకో. అందులో చిన్న పాత్రలు ఐదు పట్టుకుని, నువ్వైతే ఎవరిని పెట్టేదానివో, ఎందుకో ఒక్కో పేరుకు నాలుగు లైన్లు రాయి. ఆదివారాలు జుహూలో పృథ్వీ థియేటర్‌కో, మరాఠీ నాటకాలకో వెళ్లు. అక్కడ చూసినవాళ్లయితే మరీ మంచిది. ఆ రాసింది కాస్టింగ్ ఆఫీసులకు మెయిల్ చెయ్యి. ఇక్కడి స్టూడియోకు పంపినా నాకు చేరుతుంది.

కాలర్: పెద్ద పెద్ద యాక్టర్ల పేర్లు రాయొచ్చునా?

అతిథి: వాళ్ల నంబర్లు నా ఫోన్లో ఉన్నాయమ్మా. నాకు తెలియనివాళ్లు ఐదుగురు కావాలి.

యాంకర్: వార్తలకు టైమయింది, లైన్లు మూసేస్తున్నాం. విజయవాడ అక్కగారూ, వింటుంటే మళ్లీ చెబుతున్నా, 1930.